ఏం కాదులే

అక్కా,

చంటోడికి ఏడాదిన్నర దాటినా నడక రాలేదని, "ఏం కాదులే అని ఒక్క ముక్క రాయవే, చాలు" అని అడిగావు. ఇదివరకైతే కళ్ళు మూసుకుని రాసేదాన్ని.

ఇన్నేళ్ళూ నర్సుగా నేను చూసింది డాక్టరుగారికి చెప్పేదాన్ని. ఆపై మాట ఆయనది. ఇప్పుడు చేరిన ఈ నర్సింగు పైచదువులో అలా కుదరదు. పిల్లల్ని మేమే పరీక్షించి, జబ్బేమిటో మేమే తేల్చాలి.

ఇవాళ ఒక పసిపాపను జ్వరంతో తెచ్చారు. చెవులు, గొంతు, ఊపిరి అన్నీ చూశాను. పాప నా స్టెతస్కోపు గొట్టం పట్టుకుని ఒకటే నవ్వు. ఇంటికి పంపొచ్చన్నాను. మాకు నేర్పే మేడమ్ కూడా చూసి సరేనని వెళ్ళిపోయింది. పాలు తాగకపోతే వెంటనే తీసుకురమ్మని తల్లికి చెప్పాను. ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "ఏం కాదు కదమ్మా?" అంది.

అలవాటుకొద్దీ డాక్టరుగారి కోసం వెనక్కి తిరిగి చూశాను. బరువు తూచే మిషను తప్ప ఎవరూ లేరు.

"ఏం కాదు" అన్నాను. అప్పట్నుంచీ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉన్నాను. క్లినిక్‌లో ఫోను మోగితే చాలు, ఆ తల్లేనేమోనని పరిగెత్తుతున్నాను.

అందుకే ఆ ముక్క రాయలేను, కోప్పడకు. వాణ్ణి తీసుకురా, నేనే చూస్తాను. చూసేటప్పుడు మాత్రం నువ్వు ఎదురుగా కూర్చోకు. నా వెనక నిలబడు.

నీ చెల్లి