ముక్కలుగానా, ముద్దగానా?

మూత్రకోశ విభాగం పెద్ద డాక్టరమ్మ గారికి,

ఉత్తరం 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టడం ఆనవాయితీ. నా వైపు కుశలం లేదన్న సంగతి మొన్న లోపలికి గొట్టం పంపి మీరే చూశారు కనుక ఆ మాట మానేస్తున్నాను.

మూత్రాశయంలో ద్రాక్షపండంత కణితి ఉంది, ఆలస్యం చేయకుండా తీసెయ్యాలి అన్నారు. ఒప్పుకున్నాను. తీయడానికి రెండు దారులన్నారు. పాతది, కరెంటు పారే తీగతో కణితిని ముక్కలు ముక్కలుగా గోకి తీయడం. కొత్తది, లేజరుతో కణితి మొదలు చుట్టూ గీసి ముద్దగా పెకలించడం. అదీ బాగుంది. మరి నాకేది అంటే ఎంత చల్లగా చెప్పారండీ. ఏది మేలో తేల్చడానికి పరిశోధన జరుగుతోందట, అందులో చేరితే నాకేది చేయాలో కంప్యూటరు చీటీ తీసి చెబుతుందట.

చీటీ. జోస్యాలనీ లాటరీలనీ చీల్చి చెండాడుతూ వామపక్ష పత్రిక నడిపి జుట్టు నెరిసినవాణ్ణి నేను. నా పొత్తికడుపు మీద చీటీలాటా? డబ్బున్నవాడికి లేజరు, లేనివాడికి తీగ అని ఆ కంప్యూటరుకు ఎవరూ నూరిపోయలేదని ఏమిటి నమ్మకం? రాతపూర్వకంగా జవాబివ్వండి. అందాకా ఆపరేషన్ బల్ల ఎక్కేది లేదు.

ఇట్లు,
తలవంచని మీ పేషెంటు, పత్రికా సంపాదకుడు

తా.క. నిన్న కూడా మూత్రంలో ఎరుపు కనబడింది. "మీ సిద్ధాంతం అంత లోతుకు దిగిందా?" అంటోంది మా ఆవిడ.

*

సంపాదకులు గారికి నమస్కారం.

కంప్యూటరుకు మీ వయసు తెలుసు, కణితి సైజు తెలుసు. మీ జేబు తెలియదు.

తీగ పని మా చేతికి ఏళ్లుగా అలవాటు. ముద్దగా తీస్తే, వేరు ఎంత లోతుకు పోయిందో ల్యాబులో తేలిగ్గా తెలుస్తుందని ఆశ. కణితి మళ్లీ మొలవకుండా ఏది బాగా ఆపుతుందో మాత్రం నాకు నిజంగా తెలియదు. తెలిస్తే చీటీ ఎందుకు? ఎంపిక నాకే వదిలేస్తే నాకు నచ్చినవాళ్లకు నాకు నచ్చినది చేస్తాను. దాన్నే కదా మీరు ప్రతి సంచికలో సిఫార్సు అని తిడతారు?

మీరు చేరకపోయినా ఆపరేషన్ ఆగదు. త్వరగా రండి.

ఇట్లు,
మీ డాక్టరు

తా.క. ఎరుపు సిద్ధాంతం వల్ల కాదు. సిగరెట్లు మానండి.

*

డాక్టరమ్మ గారికి,

నా కత్తితో నన్నే పొడిచారు. సరే, నేనూ ఊరుకోలేదు.

మీ గది బయట బెంచీ మీద కూర్చుని 'తీగ పేదలకు, లేజరు పెద్దలకు' అని కరపత్రం పంచాను. పక్కనున్న దర్జీ అమ్మాయి, "నాకు లేజరే వచ్చింది తాతా, నేనేమైనా పెద్దదాన్నా?" అంది. తాత అన్నందుకు కూడా నేను ఆగలేదు. ఆలోచిస్తే అసలు కుట్ర అప్పుడు తట్టింది. కొత్త యంత్రాన్ని ముందు బీదవాళ్ల మీద పరీక్షిస్తున్నారన్నమాట. సాయంత్రానికి రెండో కరపత్రం దించాను: 'మన మూత్రాశయాలు మీ ప్రయోగశాలలా?'

ఇప్పుడు తీగవాళ్లు ఒక బెంచీ, లేజరువాళ్లు ఒక బెంచీ. మాటల్లేవు. మంచినీళ్ల సీసా కూడా అటునుంచి ఇటు రావడం లేదు. ఉద్యమం మొదలైంది, మీరు దిగిరాక తప్పదు.

ఇట్లు,
ప్రజల పక్షాన,
సంపాదకుడు

తా.క. రెండు కరపత్రాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని మా ఆవిడ అంటోంది. వైరుధ్యాల్లోంచే సత్యం పుడుతుందనే గతితర్కం ఆవిడకు ఎక్కదు.

*

సంపాదకులు గారికి,

ముందుగా కృతజ్ఞతలు. జనం చేరక మా పరిశోధన కుంటుతూ ఉండేది. మీ కరపత్రాలు చదివి నన్ను నిలదీయడానికి వచ్చినవాళ్లు, నా జవాబు విన్నాక చేరడానికి బారులు తీరారు. "ఏది మంచిదో డాక్టరుకే తెలీదని ఒప్పుకుంటోందంటే ఇక్కడ మోసం లేదన్నట్టే" అని ఒక బస్సు డ్రైవరు నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. ఖాళీలన్నీ నిండిపోయాయి.

కనుక మీకు ఇక చీటీ లేదు. రెండు పద్ధతులూ ఇక్కడ ఉన్నాయి, రెండూ మీ కణితికి సరిపోతాయి, ఖర్చులో తేడా లేదు. ఏది కావాలో మీరే ఎంచుకోండి. సోమవారం మీ కోసం బల్ల ఖాళీగా ఉంచాను. దాన్ని దాటించకండి. కణితి మీ పత్రిక చదవదు.

ఇట్లు,
మీ డాక్టరు

తా.క. రెండో కరపత్రంలో మూత్రాశయం బొమ్మ తలకిందులుగా అచ్చయింది.

*

డాక్టరమ్మ గారికి,

ఎంచుకునే హక్కు సాధించాం. ఇది ప్రజా విజయం.

కాకపోతే చిన్న ఇబ్బంది. పొద్దున తీగ అనుకున్నాను. ముక్కలుగా గోకుతుంటే ఒక ముక్క లోపలే జారిపోతే? లేజరు అనుకున్నాను. ముద్ద ఆ సన్నటి దారిలో ఇరుక్కుంటే? మళ్లీ తీగకు వచ్చాను. ఏది ఖాయం చేసుకున్నా రెండోదే మేలనిపిస్తోంది. ఎంపిక హక్కు మీద సంపాదకీయం రాయబోయి రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను.

ఒక్క మాట చెప్పండి. మీ అమ్మగారికైతే ఏది చేస్తారు?

ఇట్లు,
సంపాదకుడు

తా.క. సోమవారం బదులు పై నెల అయితే మరింత లోతుగా అధ్యయనం చేయగలను.

*

సంపాదకులు గారికి,

మా అమ్మకైతే చీటీ తీస్తాను.

పై నెల కుదరదు.

మీ డాక్టరు

తా.క. మత్తు నడుము కిందికే ఇస్తాం. మీ విషయంలో పై భాగానికి కూడా ఇవ్వలేమా అని మా మత్తు డాక్టరు అడుగుతున్నారు.

*

డాక్టరమ్మా,

ఇది సంపాదకుడి ఉత్తరం కాదు. పత్రికలో రాదు. ఎవరికీ చూపించకండి.

మీ జవాబు రెండుసార్లు చదివాను. జీవితమంతా పక్కవాడి భయం మీద వ్యాసాలు రాశాను, నా భయానికి శీర్షిక కూడా దొరకలేదు. చివరికి మా ఆవిణ్ణి పిలిచి, "రెండు చీటీలు రాసిపెట్టు, ఒకటి తీస్తాను, ఎవరితోనూ అనకు" అన్నాను. ఆవిడ పెన్ను తీసుకుంది. వంటింట్లోకి వెళ్లి, రాసి, మడిచి, గిన్నెలో వేసి తెచ్చింది.

కళ్లు మూసుకుని ఒకటి తీశాను. విప్పితే తీగా లేదు, లేజరూ లేదు. 'సోమవారం' అని ఉంది.

రెండోది విప్పాను. అందులోనూ సోమవారమే.

"ఎలా తీయాలన్నది డాక్టరమ్మ చూసుకుంటుంది. మీరు వెళ్లి బల్ల మీద పడుకోవడమొక్కటే మన చేతిలో ఉంది" అంది మా ఆవిడ. చీటీలు రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాను.

వస్తున్నాం, ఇద్దరం. ముక్కలుగానో ముద్దగానో, మీ చేతికి ఏది అనువైతే అది కానివ్వండి.

ఇట్లు,
మీ పేషెంటు

తా.క. తీసిన దాన్ని మాత్రం ఒకసారి నాకు చూపించండి. సంపాదకుణ్ణి కదా, కత్తిరించిన భాగం కళ్లారా చూడందే నిద్రపట్టదు.