దాచిన కాపీ

జూన్ 3
శుక్రవారం పరీక్ష. నలభై మంది నర్సింగ్ ట్రైనీలు ఒకేసారి నర్సింగ్ బోర్డు సర్వర్లోని వీడియో చూసి జవాబులు రాయాలి. వాళ్ళలో మా అమ్మ ఒకతి. ఇరవై ఏళ్ళు వార్డులో ఆయాగా చేసి, యాభై దాటాక చదువుకి కూర్చుంది. పేపర్ చూస్తే చెయ్యి బిగుసుకుపోతుంది. రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరి ఛాన్సు. ఈ సెంటర్లో నెట్ చూసేది నేను.

జూన్ 4
ట్రయల్ వేశాం. పది మందికే నెట్ చతికిలబడింది. బయటి నెట్‌కీ మా సిస్టమ్స్‌కీ మధ్య ఉండే ప్రాక్సీ సర్వర్ ఒకసారి తెచ్చిన ఫైలు కాపీ దాచుకుని మిగతావాళ్ళకి ఇవ్వాలి. చిన్నవి దాస్తోంది. ఈ వీడియో అరవై ఎంబీ, దీన్ని ముట్టుకోవడం లేదు. దాచే ఫైలు సైజు లిమిట్ నాలుగు ఎంబీ ఉంటే వంద చేశాను. రీస్టార్ట్ కొట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ప్రిన్సిపాల్ గారు మూడుసార్లు వచ్చి అయిందా అన్నారు. అమ్మ నా మొహం చూసి, పరీక్ష నాకా నీకా అంది.

జూన్ 5
రెండొందలు చేశాను. ఊహూఁ.

జూన్ 6, ఉదయం 11
దొరికింది. ప్రాక్సీ సెట్టింగ్స్ ఫైల్లో కాపీలు ఎక్కడ దాచాలో చెప్పే లైను పైన ఉంది, నా లిమిట్ లైను కింద ఉంది. ప్రాక్సీ పైనుంచి చదువుకుంటూ వస్తుంది కాబట్టి పాత నాలుగుతోనే ఫోల్డర్ తెరిచేసింది. నా లైను పైకి జరిపాను. రెండ్రోజుల ఏడుపుకి ఒక్క కట్ పేస్ట్. నలభై సిస్టమ్స్‌లోనూ వీడియో ఆడింది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. వారం దాకా ఈ కాపీనే ఇవ్వు, బోర్డు సర్వర్‌ని మళ్ళీ అడగొద్దు అని కూడా రాసిపెట్టాను.

జూన్ 7, మధ్యాహ్నం 3
ఒక్క సిస్టమ్ ఆగలేదు. ప్రిన్సిపాల్ గారు భుజం తట్టారు. అమ్మ మాత్రం చిరాగ్గా బయటికొచ్చింది. పక్షవాతం పేషెంటుని మంచం దించడానికి వీడియోలో కుర్చీ పడిపోయిన కాలు వైపు వేశారట. బాగున్న వైపు వేయాలని ఏ ఆయాకైనా తెలుసు, నేను అదే రాశాను అంది.

సాయంత్రం 5
బోర్డు మెయిల్ ఇప్పుడు చూశాను. కుర్చీ తప్పని తెలిసి, నిన్న సాయంత్రమే అదే పేరుతో సరిచేసిన వీడియో పెట్టారట. మావాళ్ళు చూసింది నేను దాచిన పాతది. మళ్ళీ అడగొద్దన్నది నేనే.

జూన్ 10
పేషెంటు పడిపోయే తప్పు రాస్తే పేపరే పోతుంది. ముప్పై తొమ్మిది మంది కుర్చీ వీడియోలో ఉన్నట్టే రాశారు. పాసైంది అమ్మ ఒక్కతే. ఇంట్లో ఆ కాగితం నాలుగుసార్లు చదివించుకుంది. నేను నోరు విప్పితే పరీక్ష రద్దు, అమ్మ మళ్ళీ మొదటికొస్తుంది. విప్పకపోతే వాళ్ళందరి గతేమిటి? మూడు రోజులుగా తిండి సయించడం లేదు. నాకు భయంగా ఉంది.

జూన్ 11
అమ్మకి చెప్పేశాను. చెప్పులేసుకుని, ప్రిన్సిపాల్ గారి గదికి నాకన్నా ముందు నడిచింది.