రేకు పీరు

అక్కా, నేను క్షేమమే. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను. తాండూరు నాపరాళ్ల గనిలో మా టీవీ సీరియల్ షూటింగ్. కథలో వచ్చే వేరే గ్రహం వాళ్లకు జెండా చేయమంటే, ఏమీ తోచక మన ఊళ్లో పీర్ల పండుగకు ఎత్తే పీరు ఆకారమే రేకుతో కోసి, వేషం వేసుకుని నేనే ఎత్తాను. గుంపులో నిలబడడానికి వచ్చిన పెద్దేముల్ కూలీలంతా చెప్పులు విడిచారు. పీరెత్తినవాడి కాళ్లకు పోసినట్టే ఒక అవ్వ నా వెండిరంగు బూట్ల మీద నీళ్లు పోసి, "మా మనుమనికి జరం తగ్గాలె సామీ" అని మొక్కింది. డైరెక్టర్ "మస్తుంది!" అన్నాడు. అది ఉత్త రేకని అవ్వకు చెప్పకుండా నేను అలాగే ఎత్తి పట్టుకున్నాను.

బర్రె ఈనిందా? పీర్ల కొట్టం చూసుకునే చాంద్‌పాషా మామతో ఆ అవ్వ మనుమని కోసం ఫాతెహా చదివించు. నా పేరు ఎత్తకు. అమ్మకు దండాలు.

ఆ నీళ్లు, అవ్వ తాగడానికి తెచ్చుకున్నవి అక్కా.

నీ తమ్ముడు
శ్రీశైలం