ఎండీ ఎండని ఆకు

అత్తయ్యగారికి,

మీ అమ్మాయి ఉజున్వా, పసిబిడ్డ క్షేమమని తలుస్తాను. మీరు తన కాన్పుకి వెళుతూ నాకు అప్పగించిన నలభై కోళ్ళలో ఆరు చనిపోయాయి. తప్పు నాదే.

వంతెన తెగి దాణా లారీ రావడం లేదు. అందుకని కర్రపెండలం ఆకు ఎండబెట్టి, దంచి, మొక్కజొన్న నూకలో కలిపి పెట్టాను. వారం రోజులు గుడ్లు బాగానే పెట్టాయి. సొన కూడా ముదురు పసుపు రంగుకు తిరిగింది. తర్వాత ముసురు పట్టింది. ఆకు పూర్తిగా ఎండకముందే దంచి పెట్టేశాను.

మీ అబ్బాయి తెగులనుకున్నారు. మిగిలినవాటిని కూడా కోసి పాతిపెట్టేద్దామని కత్తి తీశారు. ఇక నాకు ఆకు సంగతి చెప్పక తప్పలేదు.

"పచ్చాకు విషమని తెలిసే పెట్టావా?" అన్నారు.

"ఆకలికి అరుస్తుంటే చూడలేకపోయానండీ."

"ఆ మాటేదో అమ్మకు నువ్వే రాసుకో."

లారీ ఇంకా రాలేదు. మూడు రోజులుగా ఎండ కాస్తోంది. కొత్తగా ఆరేసిన ఆకు గలగలలాడుతోంది. అయినా ఒక్కో ఆకూ విరిచి చూస్తున్నాను. పెట్టనా వద్దా అని మిమ్మల్ని అడగాలని ఉంది, కానీ ఈ ఉత్తరం మీకు చేరడానికే నాలుగు రోజులు పడుతుంది. ముప్ఫైనాలుగు కోళ్ళూ తడిక దగ్గర నిలబడి నావైపే చూస్తున్నాయి. పెట్టడానికే వెళుతున్నాను.

మీ కోడలు