మనమంతాలో నేను లేను

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. మీ అక్క కులాసా. మా దగ్గరే ఉంటున్న మీ అమ్మగారు మా ఇద్దరికంటే కులాసా.

నువ్వు మళ్ళీ నా ఫోనుకి ఆహ్వానం పంపావు. ఈసారిది చుట్టాలంతా కలిసే చోటట, పేరు 'మనమంతా' అట. అంతకుముందు చిన్ననాటి స్నేహితులది అన్నావు, చేరాను. చిన్నప్పుడు నన్ను కొట్టినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. తర్వాత గొంతులు మాత్రమే వినిపించేదన్నావు, చేరాను. అందులో ఎవరో పొద్దస్తమానం దగ్గుతుంటాడు. ప్రతిదానికీ ఒక పాస్‌వర్డు. అది మర్చిపోతే, నేను మనిషినేనని నిరూపించుకోవటానికి బొమ్మల్లో సైకిళ్ళు ఏరాలి. అలిసిపోయానయ్యా.

నేను కట్టుడు పళ్ళు చేసేవాణ్ణి. రోజంతా మైనం కరిగించి, అచ్చులు పోసి, ఊళ్ళోవాళ్ళకి నవ్వులు తయారుచేస్తాను. ఇంటికొచ్చాక కూడా పరాయివాళ్ళ పళ్ళు చూసే ఓపిక నాకు లేదు. నువ్వేమో లిఫ్టుల కంపెనీలో ఉన్నావు. ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగటం నీ ఉద్యోగం. నన్నొక్కణ్ణే ఎందుకు లోపలికి తోస్తావు?

నేను చేరను. చెప్పాల్సిందేమన్నా ఉంటే కాగితం మీద రాయి.

పళ్ళు నూరుతూ,
మీ బావ

తా.క.: జవాబు మీద బొటనవేలు బొమ్మ గియ్యకు. పోయినసారి అది చూసి పోస్టుమ్యాన్ నా ముందు సిరా డబ్బా పెట్టాడు.

*

బావకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి ఆఫీసులో పడి పడి నవ్వాను. ఎంత గడుసువాడివి బావా! చేరనని రాసిన ఉత్తరం నాకు అందేలోపే మనమంతాలో చేరిపోయావు. పైగా అందరికంటే నువ్వే హుషారు!

పెద్దమామయ్య మోకాలినొప్పి తగ్గిందా అని అడిగావు. చిన్నత్త కొత్త కళ్ళజోడు బాగుందన్నావు. పెళ్ళిళ్ళలో మూలన కూర్చుని గడియారం చూసుకునే మనిషివి, నీకింత మనసుందా అని మనవాళ్ళంతా ముక్కున వేలేసుకుంటున్నారు. నన్నయితే రోజూ "తిన్నావా నాన్నా" అని అడుగుతున్నావు. తల తడి ఆరకుండా బయటికెళ్ళకు అన్నావు. నా తలమీద తడవటానికి ఏముంది బావా?

నిజం చెప్పనా, నాకూ ఆ గోల విసుగే. పొద్దున్న లేచింది మొదలు ఎవరు ఏ హోటలుకెళ్ళినా చప్పట్లు కొట్టాలి. కానీ నువ్వొచ్చాక బాగుంది. 'తిన్నావా' అని అక్కడింకెవరూ అడగరు.

ప్రేమతో,
నీ బావమరిది

తా.క.: నీ ఫొటో మార్చు. అందులో ఒక్క చెవే ఉంది. అయినా ఆ చెవి చూసే అందరూ నువ్వని పోల్చుకున్నారనుకో.

*

బావమరిదికి,

ఒట్టు. అది నేను కాదు. ఎవడో నా చెవి ఎత్తుకెళ్ళాడు.

మీ అక్కని అడిగితే, "మీరా? మామయ్య మోకాలి గురించా? ఆయనకి మోకాళ్ళున్నాయనైనా మీకు తెలుసా?" అని నవ్వింది. ఇంట్లో నా మాటని సమర్థించే సాక్ష్యం అదొక్కటే.

ఫోన్ల దుకాణానికి వెళ్ళాను. అక్కడాయన పాస్‌వర్డు చెప్పమన్నాడు.

"తెలీదు," అన్నాను.

"అయితే ఆ ఖాతా మీది కాదు."

"నేను మొత్తుకుంటోందీ అదేనండీ!"

"మీది కానప్పుడు మీకేం బాధ?" అని ఇంకో బేరం వైపు తిరిగాడు.

వాడెవడో గానీ మహా తెలివైనవాడు. మన చుట్టాల జబ్బులన్నీ వాడికి కంఠస్థం. దయచేసి వాడికి ఇంటి విషయాలేవీ చెప్పకు.

నేనే అయిన,
మీ అసలు బావ

తా.క.: నిన్న ఒక పెద్దాయన నా పళ్ళ దుకాణంలోకొచ్చి, నిద్ర పట్టటానికి నేను చెప్పిన చిట్కా పనిచేసిందని కావలించుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక నోరు తెరవమని కొలతలు తీసుకున్నాను.

*

బావకి,

అర్థమైంది. ఈ ఉత్తరాలు అక్క కూడా చదువుతుంది కాబట్టి నువ్వు కాదని బుకాయిస్తున్నావు. మొహమాటస్తుడివి కదా! సరే, కాగితం మీద నువ్వు కాదు, మనమంతాలో నువ్వే. నేనెవరికీ చెప్పను.

ఒక్క సంగతి తేల్చు. వచ్చే నెల అమ్మని మా ఇంటికి రప్పించాలనుకున్నాం కదా. ఇంకో ఏడాది మీ దగ్గరే ఉంచుకోమని అందులో నీకు రాశాను. మా ఆవిడకీ నాకూ మాటల్లేవు. ఆఫీసులో రోజంతా తిట్లు. ఇంటికొచ్చాక అమ్మ అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పే ఓపిక లేదు అని దాచుకోకుండా రాశాను. నువ్వు "అలాగే నాన్నా" అన్నావు. అంతే. ఆ తర్వాత మళ్ళీ తిన్నావా అని అడగలేదు. కోపమొచ్చిందా బావా? ఆ రోజు నుంచీ నాకేం బాగాలేదు.

నీ మాట కోసం చూస్తూ,
బావమరిది

తా.క.: ఇది చదవగానే చింపెయ్యి. ఎట్టి పరిస్థితిలోనూ అమ్మ కంట పడకూడదు.

*

బావమరిదికి,

కూర్చుని చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజు, నేనింకా అది చదవకముందే, దవడ పన్ను సలుపుతుంటే మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. మీ అమ్మగారు మంచం మీద పెట్టె తెరిచి, సర్దుకున్న బట్టలన్నీ ఒక్కొక్కటీ తీసి మళ్ళీ బీరువాలో పెడుతున్నారు.

"అదేంటత్తయ్యా, వచ్చే నెల ప్రయాణం కదా?"

"ఇప్పుడెందుకులే బాబూ. వాడికి ఊపిరి సలపని పనట."

"ఎవరు చెప్పారు?"

ఆవిడ దిండు వైపు చూశారు. దిండు పక్కన నా ఫోను వెలుగుతోంది. ఆవిడ రోజూ సీరియళ్ళు చూసుకుంటానంటే ఇంట్లో వదిలేసి వెళ్తాను. అందులో నా చెవి కనిపించింది, నేను నిద్రపోతున్నప్పుడు తీసింది. కింద నువ్వు మనమంతాలో నాకు రాసినవన్నీ ఉన్నాయి.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఆవిడే మొదలుపెట్టారు.

"ఆహ్వానం వచ్చింది. సరే అన్నచోట నొక్కాను. నీ పేరుతో తెరుచుకుంది. మూసేద్దామనుకునేలోపే 'బావా, ఎలా ఉన్నావు' అని వాడి పలకరింపు. అమ్మనై ఫోన్ చేస్తే 'బావున్నా, ఉంటానమ్మా' అని పెట్టేస్తాడు. నువ్వనుకుని పేజీలు పేజీలు రాశాడు బాబూ! కోడలితో గొడవ, ఆఫీసులో తిట్లు, పట్టని నిద్ర... కడుపున పుట్టినవాడి సంగతులు అల్లుడి పేరు పెట్టుకుంటే గానీ తెలీలేదు."

"మరి నన్నడగకుండా..."

"అడిగితే ఒప్పుకుంటావా? నువ్వసలే చేరనంటివి."

ఇంకో ఏడాది ఉంచుకోమన్న సంగతి నేను ఎత్తలేదు. ఆవిడే ఎత్తారు. "వాడు అబద్ధం రాయలేదుగా. నేను ప్రశ్నలేస్తాను, నిజమే," అన్నారు. అని మిగిలిన బట్టలు మడతపెట్టటం మొదలుపెట్టారు. మీ అక్క వచ్చి రెండోవైపు పట్టుకుంది.

నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకోబోయారు. వెయ్యలేదు. ఏడాది కాదు, ఎన్నాళ్ళయినా ఆవిడ ఇక్కడుంటారు, అందులో నాకు ఇబ్బందేం లేదు. కానీ నీకు తెలియాలి. నిన్ను తిన్నావా అని అడిగింది నేను కాదు. నాకంత ఓపిక ఎక్కడిది?

కోపం లేని,
మీ బావ

తా.క.: ఆ ఖాతా మూయించటానికి వీల్లేదట. చుట్టాలంతా నన్ను వెతుక్కుంటూ దుకాణానికొస్తున్నారు. వాళ్ళ మోకాళ్ళూ నిద్రలూ అన్నీ కనుక్కుని పంపాల్సి వస్తోంది. సభ్యత్వం ఆవిడది, చాకిరీ నాది.

ఇంకో తా.క.: ఈ ఉత్తరం పోస్టు చెయ్యబోతుంటే ఆవిడ పిలిచారు. నీకేదో రాయటం, చెరిపెయ్యటం, మళ్ళీ రాయటం. "ఏమని రాయను బాబూ?" అని నన్నడిగారు. నాకా విద్య రాదత్తయ్యా, ఫోన్ చెయ్యండి అన్నాను. కోపంగా ఉంటాడేమో అన్నారు. నిన్ను తలుచుకుని భయపడుతున్నారయ్యా, నీ తల్లి. కనుక ఆవిడ చేసేదాకా ఆగకు. నువ్వే చెయ్యి. బావున్నా అని మాత్రం చెప్పకు.