అరిచే మనిషి లేని ఆట

భిలాయి, క్యాంప్ 1

ప్రియమైన శ్రీవారికి,

గొంతు ఆపరేషన్ బాగా జరిగిందని మీ అక్కయ్య ఫోన్‌లో చెప్పారు. డాక్టరు నోరు విప్పొద్దన్నారట. ఫోన్ పట్టుకుని నేనొక్కదాన్నే మాట్లాడుకోవడం ఏం బాగుంటుంది? అందుకే కాగితం తీశాను. మీరూ రాయండి. ఫోన్‌లో బొటనవేలి బొమ్మలు పంపితే ఊరుకోను.

నిన్న మన ఫుట్‌బాల్ జట్టు ఆ సెక్టర్ క్వార్టర్ల వాళ్ల జట్టు చేతిలో చిత్తుగా ఓడింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఓడినందుకు కాదు. పదేళ్లుగా మీరు మైదానం మధ్యలో నిలబడి, బంతి ఎవరికివ్వాలో, ఎవరు వెనక్కి రావాలో అరిచి చెబుతుంటే వీళ్లంతా ‘రేడియో’ అని నవ్వేవారు కదా. నిన్న రేడియో లేదు. బంతి పైకి లేస్తే మనవాళ్లే ఇద్దరు పరుగెత్తుకొచ్చి, తలలు కొట్టుకుని పడ్డారు. ‘నాది’ అన్నవాడు లేడు, ‘నీది’ అని చెప్పినవాడూ లేడు.

"మీ ఆయనుంటే బాగున్ను" అంది పక్కన కూర్చున్నావిడ. పోయిన నెల మీ అరుపులకి చెవులు మూసుకున్నది ఆవిడే. నేను మొహం తిప్పుకున్నాను.

గొంతు ఎలా ఉందో దాచకుండా రాయండి.

మీ ఇంద్రాణి

విశాఖపట్నం

ప్రియమైన ఇంద్రాణికి,

ఆట చూసి అంత కోపం తెచ్చుకోకు. కుర్రాళ్లు నేర్చుకుంటారు. ప్రణవ్ కాళ్లలో మంచి వేగముంది. కాకపోతే బంతి దొరికితే తల వంచేస్తాడు, ఎడమవైపు చూడమని ఎవరో ఒకరు చెప్పాలి.

గొంతు కుదుటపడుతోంది. అక్క రోజూ చోడి అంబలి కాస్తోంది. నా కెప్టెన్ పట్టీ బీరువా కింది అరలో ఉంది. ఒకసారి చూసి పెట్టు.

నీ సత్యారావు

భిలాయి

ప్రియమైన శ్రీవారికి,

పట్టీ సంగతి ఇప్పుడెందుకో నాకర్థం కాలేదు. ఉంది, ఉతికి పెట్టాను.

రెండో ఆట కూడా పోయింది. ఇంకొక్కటి ఓడితే టోర్నమెంటు నుంచి బయటికే. మన జట్టు పెద్ద గురునాథరావు గారు బత్తాయిలు పట్టుకుని ఇంటికొచ్చారు. "ఏటమ్మా, సత్యారావు ఎప్పుడొస్తాడు? అతను లేకపోతే టీమ్ టీమ్‌లా లేదు" అన్నారు. నేను ఆగలేకపోయాను. "ఆయన అరుపులకి టీమ్ పరువు పోతందని మీటింగ్‌లో అన్నది మీరు కాదేటండీ?" అన్నాను. ఆయన టీ కూడా తాగకుండా చెప్పులేసుకున్నారు. బత్తాయిలు పుల్లగా ఉన్నాయి.

ప్రణవ్ కూడా వచ్చాడు. "భాభీ, భయ్యా నన్ను తిడతన్నాడనుకునీవోణ్ణి. ఇప్పుడు గ్రౌండ్‌లో ఏక్‌దమ్ అకేలా, ఒక్కణ్ణే ఉన్నట్టనిపిస్తంది" అన్నాడు. వాడి మీద మాత్రం కోపం నిలవలేదు.

వచ్చే ఆటకి మీరుంటారా? అది రాయండి, అంబలి సంగతి తర్వాత.

మీ ఇంద్రాణి

విశాఖపట్నం

ప్రియమైన ఇంద్రాణికి,

ఇక దాచి లాభం లేదు. మాట వచ్చింది. కానీ గట్టిగా అరవకూడదట, ఈ నెల కాదు, ఎప్పటికీ. అరిస్తే ఉన్న మాట కూడా పోతుందన్నారు. అరవకుండా నేనేం ఆడతాను? ఈ కాళ్లు కుర్రాళ్ల కాళ్లు కావు. ఇన్నాళ్లూ జట్టులో ఉన్నది గొంతు వల్లే. పట్టీ ప్రణవ్‌కి ఇచ్చెయ్. ఆటలన్నీ అయ్యాకే వస్తాను. గట్టు మీద కూర్చుని చూడటం నా వల్ల కాదు.

నీ సత్యారావు

భిలాయి

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత కోపం వచ్చింది, మీ మీదే. ఇంత బాధ కడుపులో పెట్టుకుని నాకు అంబలి కబుర్లు రాస్తారా?

పట్టీ ప్రణవ్‌కి ఇవ్వలేదు. నా చేతికే కట్టుకుని మైదానానికి వెళ్లాను. పదేళ్లు మీ అరుపులు విన్నదాన్ని, ఎప్పుడు ఏమంటారో నాకు తెలియదా? మనవాళ్లు మొదట్లోనే ఒక గోల్ ఇచ్చేశారు. ప్రణవ్ మళ్లీ తల వంచుకుని పరుగెడుతుంటే గీత దగ్గరికెళ్లి గొంతెత్తాను: "అరే ప్రణవ్, బాయే దేఖ్!" వాడు ఉలిక్కిపడి ఎడమకి చూశాడు. అక్కడ మనవాడు ఖాళీగా ఉన్నాడు. బంతి వెళ్లింది, గోల్ పడింది. రెఫరీ వచ్చి నన్ను కూర్చోమన్నాడు. కూర్చునే అరిచాను. ఆట సమంగా ముగిసింది, టోర్నమెంటులో ఉన్నాం.

గురునాథరావు గారికి అక్కడే చెప్పేశాను. "వచ్చే ఆటకి ఆయన మద్దెలో ఉంటారు. చెయ్యి సూపిస్తారు. నాను అరుస్తాను." ఈసారి ఆయన పరువు ఊసెత్తలేదు.

అరవకుండా ఏం ఆడతానని రాశారు. ఎడమవైపు ఎవరున్నారో ముందు చూసేది మీ కళ్లే కదా. వాటికేమీ ఆపరేషన్ చెయ్యలేదుగా.

ఈ ఉత్తరం అందిన రోజే రైలెక్కండి. దుర్గ్ స్టేషన్‌కి నేనొస్తాను. జనంలో కనిపించలేదని నన్ను కేకేసి పిలవొద్దు. చెయ్యెత్తండి, నేనే వస్తాను.

మీ గొంతు,
ఇంద్రాణి