సీఆర్పీ పెరిగిందన్నారు

డాక్టరమ్మ గారికి,

మీరు గర్భసంచి తీసిన కూర్మమ్మ మొగుణ్ణి రాస్తున్నాను. అక్షరాలు వంకరైనా మాట వంకర కాదు.

ఆపరేషనైన మూడోనాడు మీ నర్సు రక్తం రిపోర్టు చూసి, "తాతా, సీఆర్పీ పెరిగిపోనాది, ఇంటికెల్లకండి" అంది. మా వైపు సీఆర్పీ అంటే కొండల్లో తిరిగే తుపాకీ పోలీసులు. "పోలీసులు పెరిగితే నాకేటి? నేనేటి దొంగనా?" అన్నాను. వార్డంతా నవ్వింది. మీరూ నవ్వి వెళ్లిపోయారు. సీఆర్పీ అంటే రక్తంలో చూసే ఒక అంకె అని, లోపల చీము పడుతుంటే అది ముందే పెరుగుతుందని ఒక్కరూ అనలేదు. పోలీసులకు జడిసి ఆగేవాణ్ణి కాదని చెప్పి, నా ఇష్టంతోనే తీసుకుపోతున్నానని సంతకం పెట్టి, ఆమెను ఆటో ఎక్కించాను.

నాలుగు రోజులకే జ్వరం, చీము. మళ్లీ మీ దగ్గరికే తెచ్చాను. నిన్న ఇంకో నర్సు అసలు సంగతి చెప్పింది. మీ నవ్వు తలుచుకుంటే కుళ్లిన చేప నోట్లో పెట్టుకున్నట్టుంది. నా పొగరు తలుచుకున్నా అంతే.

రేపు మళ్లీ రక్తం తీస్తారట. ఆ అంకె తగ్గిందో పెరిగిందో నాకు తెలుగులో చెప్పండి. నవ్వకండి. కూర్మమ్మ జ్వరంలో, "మావా, పోలీసులు ఎల్లిపోనారా?" అని అడుగుతోంది. దానికి నేను జవాబు చెప్పాలి.

పదమూడో మంచం దగ్గరే ఉంటాను.